ఒకే ఇంటి రెండు ఫోన్లు: రిపేరబిలిటీ మార్కులు ఎక్కడ వేయాలి?

ఫోన్ తెరవడం వేరు, బాగుచేయడం వేరు. ఫోన్‌ను ఎంత తేలిగ్గా బాగుచేయొచ్చో చెప్పే రిపేరబిలిటీకి మార్కులు వేసేవాళ్లు ఎక్కువగా మొదటిదాన్నే కొలుస్తారు. స్క్రూలెన్ని, జిగురెంత, ఏ టూల్ కావాలి అని చూస్తారు. అవి చూడాల్సినవే. కానీ సామాను ఎంతకు దొరుకుతుంది, ఎవరికి దొరుకుతుంది, వేశాక ఫోన్ దాన్ని ఒప్పుకుంటుందా అన్నవి వదిలేస్తే ఆ మార్కులు కొనేవాళ్లకు అక్కరకు రావు. విజయవాడ గవర్నర్‌పేటలో సెల్‌ఫోన్ బోర్డు పని చేసే షాపు మాది. 2025 మేలో ఒకే ఇంటి నుంచి రెండు ఫోన్లు వచ్చాయి. వాటి మీద ఏం పని జరిగిందో, ఎక్కడ ఆగిందో మొత్తం రాస్తున్నాను. ఆ రెండు ఫోన్ల కంపెనీల పేర్లు రాయడం లేదు. ఈ ఇబ్బంది ఏ ఒక్క బ్రాండుదో కాదు.

ఫోన్లు, వాటి కంప్లయింట్లు

ఫోన్లు తెచ్చినాయన ఆటోనగర్‌లో లారీలకు వైరింగ్ పని చేస్తారు. పాత కస్టమర్, నేను బాబాయ్ అంటాను. ఆయన ఫోన్ 2021లో 12,500 రూపాయలకు కొన్నది. ప్లాస్టిక్ బాడీ, ఎల్‌సీడీ డిస్‌ప్లే, వేలిముద్ర సెన్సర్ పక్క బటన్‌లో ఉంటుంది. ఛార్జర్ పిన్ను చేత్తో నొక్కి పట్టుకుంటేనే ఛార్జ్ ఎక్కుతోంది. ఎక్కినా మధ్యాహ్నానికల్లా ఖాళీ.

రెండోది ఆయన కూతురిది. ఆన్‌లైన్ క్లాసుల కోసం అదే ఏడాది వాయిదాల మీద 36,000కు కొన్నారు. ఇప్పుడా అమ్మాయి బెంజ్ సర్కిల్ దగ్గర ఓ ఆఫీసులో ఉద్యోగం చేస్తోంది. అంచులు వంగిన అమోలెడ్ డిస్‌ప్లే, వెనక గ్లాస్, వేలిముద్ర సెన్సర్ డిస్‌ప్లే కింద. బ్యాక్ గ్లాస్ ఓ పక్క లేచింది. 40 శాతం చూపిస్తూనే ఫోన్ ఆఫ్ అయిపోతోంది. వీటికి తోడు స్క్రీన్ మీద నిలువుగా ఆకుపచ్చ గీత.

ఆ రెండో ఫోన్ మా దగ్గరికి వచ్చేముందే కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లొచ్చింది. వాళ్లు రాసిచ్చిన ఎస్టిమేట్‌లో డిస్‌ప్లే, బ్యాటరీ, బ్యాక్ గ్లాస్, లేబర్, జీఎస్టీ కలిపి 19,400. బ్యాటరీ ఒక్కటే వేయమంటే కుదరదన్నారట. తెరిచేటప్పుడు బ్యాక్ గ్లాస్ పగిలితే బాధ్యత తమది కాదని, ఫోన్‌లో డేటా కూడా ఉండదని కాగితం మీద సంతకం అడిగారు. ఆ మోడల్ బాగా పనిచేస్తున్నదే సెకండ్‌హ్యాండ్‌లో 8,000కు మించి పోదు. అంటే రిపేరు ఖర్చు ఫోన్ ఖరీదుకు రెండింతలకు పైగా.

బాబాయ్ కౌంటర్ మీద ఆ కాగితం పెట్టి, "ఇరవై ఏళ్ల లారీకి కూడా ఆటోనగర్‌లో సామాను దొరుకుద్ది అబ్బాయ్. నాలుగేళ్ల ఫోన్‌కి బ్యాటరీ ఏయడానికి ఇంత టెన్షనేంటి?" అన్నారు.

ఆయన అడిగింది సరైన ప్రశ్న. బండ్ల విషయంలో ఈ దేశం ఆ ప్రశ్నకు ఒకసారి జవాబు చెప్పింది కూడా. 2014 ఆగస్టులో, మార్కెట్లో పోటీని కాపాడే కేంద్ర సంస్థ కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు బయట మార్కెట్లో దొరకనివ్వాలని, లోపం కనిపెట్టే సాఫ్ట్‌వేర్, టూల్స్ బయటి మెకానిక్‌లకు కూడా ఇవ్వాలని చెప్పింది. ఫోన్ల విషయంలో మనం ఇంకా ఆ మెట్టు ఎక్కలేదు.

మొదటి ఫోన్

దీని గురించి ఎక్కువ రాయడానికి లేదు, అదే దాని గొప్పతనం. సిమ్ ట్రే తీసి, పల్చటి ప్లాస్టిక్ పిక్‌తో వెనక మూత చుట్టూ తిప్పితే లాకులు ఒక్కొక్కటే వదిలాయి. లోపలన్నీ మామూలు ప్లస్ స్క్రూలు. కింద స్పీకర్ ప్లేట్ తీస్తే ఛార్జింగ్ పోర్టు చిన్న సబ్ బోర్డు మీద విడిగా ఉంది. పోర్టు మెయిన్ బోర్డుకు అతికించి లేదు కాబట్టి సోల్డరింగ్ అవసరమే రాలేదు. రెండు బోర్డులను కలిపే సన్నటి వైరు పట్టీ, అంటే స్ట్రిప్, ఊడదీసి కొత్త సబ్ బోర్డు పెట్టి బిగించాం. బ్యాటరీ కింద లాగే ట్యాబ్ ఉంది. లాగితే జిగురు పట్టీ సాగి బయటికి వచ్చింది, బ్యాటరీకి వంపు కూడా రాలేదు. సబ్ బోర్డు, బ్యాటరీ, లేబర్ అంతా కలిపి 1,650. బాబాయ్ టీ తాగి వచ్చేసరికి ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది.

ఛార్జింగ్ పోర్టు గురించి ఇక్కడే చెప్పాలి. మా దగ్గరికి వచ్చే ఫోన్లలో డిస్‌ప్లే, బ్యాటరీ తర్వాత ఎక్కువగా చూసేది దాన్నే. చెమట పట్టిన జేబులు, రోడ్డు దుమ్ము, బండి మీద మ్యాప్ పెట్టుకుని ఛార్జింగ్‌లోనే తిరిగే డెలివరీ కుర్రాళ్లు, అన్నీ దాని మీదే పడతాయి. అది సబ్ బోర్డు మీద ఉంటే కొన్ని వందలతో పోతుంది. మెయిన్ బోర్డు మీదే ఉంటే హాట్ ఎయిర్ పెట్టి ఊడదీయాలి, పక్కనున్న చిన్న చిన్న కాంపోనెంట్లు కదలకుండా చూసుకోవాలి, చెయ్యి తిరిగినవాళ్లు కావాలి. సర్వీస్ సెంటర్లలో అయితే చాలాసార్లు బోర్డు మొత్తం మార్చాలంటారు. ఫోన్లకు రిపేరు గ్రేడు వేసే యూరప్ లెక్కలో బ్యాటరీకి, డిస్‌ప్లేకి పెద్ద వాటా ఇచ్చి ఛార్జింగ్ పోర్టుకు చిన్న వాటా ఇచ్చారు. మన దేశం మార్కులు వేసేటప్పుడు ఆ వాటాను మన ఎండను, మన దుమ్మును చూసి పెంచాలి.

రెండో ఫోన్: తెరవడం

బ్యాక్ గ్లాస్ లేచిందంటే లోపల బ్యాటరీ ఉబ్బిందని ముందే అర్థమైంది. అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. ఆ గ్లాస్ చుట్టూ గట్టి జిగురు. మామూలుగా అయితే హీట్ ప్లేట్ మీద 80 డిగ్రీల దాకా వేడి చేసి జిగురు మెత్తబడ్డాక కార్డు దూర్చి తీస్తాం. కానీ ఉబ్బిన లిథియం బ్యాటరీకి ఆ వేడి తగలకూడదు, మంట వచ్చే ప్రమాదం ఉంది. అంటే ఫోన్ తెరవాలంటే వేడి కావాలి, తెరవాల్సిన కారణమేమో వేడి వద్దంటోంది. తయారుచేసినవాళ్లు ఈ రోజు వస్తుందని ముందే ఆలోచించి ఉండాల్సింది. లిథియం బ్యాటరీ ఏదో ఒకనాడు అరుగుతుంది, కొన్ని ఉబ్బుతాయి. ఇది కొత్త సంగతేం కాదు.

మేం చేసింది ఇది. ముందు ఛార్జ్ 20 శాతం లోపుకు దింపాం. పక్కన ఇసుక బకెట్ పెట్టుకున్నాం. వేడి పెట్టకుండా, అప్పటికే లేచిన మూల నుంచి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సిరంజితో చుక్క చుక్కగా వదిలాం. అది జిగురులోకి ఇంకడానికి టైమ్ ఇచ్చి, పల్చటి ప్లాస్టిక్ కార్డు వెంట్రుక మందం ముందుకు జరపడం, ఆగడం, మళ్లీ చుక్క వేయడం. కార్డు లోతుగా పోతే బ్యాటరీకి గుచ్చుకుంటుంది, పైపైన ఉంటే గ్లాస్ అంచు చిట్లుతుంది. ఫ్లాష్ లైట్ దగ్గర ఓ సన్నటి స్ట్రిప్ గ్లాస్‌కు ఆనుకుని పోతుంది, అక్కడ కార్డు అసలు పెట్టకూడదు. మూడు వైపులా వదిలాక నాలుగో వైపు దానంతటదే లేచింది. లోపల బ్యాటరీ పొంగిన పూరీలా ఉంది. తియ్యటి థిన్నర్ వాసన సన్నగా వచ్చింది, అంటే పొర ఎక్కడో వదులవుతోంది. ఇంకొన్ని వారాలు అలాగే వాడి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. ఆ అమ్మాయి రాత్రిళ్లు దాన్ని దిండు పక్కనే ఛార్జింగ్ పెట్టుకునేదట.

బ్యాటరీ కింద ట్యాబ్ లేదు. అడుగు మొత్తం జిగురే. దాన్నీ ఆల్కహాల్‌తోనే నానబెట్టి, దారం దూర్చి కొంచెం కొంచెంగా విడదీశాం. మొదటి ఫోన్‌లో ఒక్క లాగుతో పోయిన పని ఇక్కడ పూట పట్టింది.

జిగురు లేకుండా ఫోన్ తయారు కాదని కంపెనీలు అంటాయి. నీళ్లు దూరకుండా ఉండాలంటే జిగురు కావాలన్న మాట కొంతవరకు నిజమే. కానీ జిగుర్లన్నీ ఒకటి కాదు. ఐఫోన్ 16లో యాపిల్ వాడిన బ్యాటరీ జిగురుకు 9 వోల్టుల కరెంటు ఇస్తే నిమిషంన్నరలో వదిలేస్తుంది. చాలా చవక ఫోన్లలో లాగే ట్యాబ్‌లు ఏళ్లుగా ఉన్నాయి. కాబట్టి చేతకాక కాదు. యూరప్ నిబంధనల్లో కూడా నీటి మాటకు విలువ ఇచ్చారు, ఊరికే ఇవ్వలేదు. 1000 సార్లు ఛార్జ్ చేశాక కూడా 80 శాతం కెపాసిటీ మిగిలి, మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకునే ఫోన్‌కే బ్యాటరీ ఇంట్లో మార్చుకునే షరతు నుంచి మినహాయింపు. సీల్ చేస్తే చెయ్యి, కానీ ఆ బ్యాటరీ అంతకాలం బతకాలి అన్నమాట. ఈ ఫోన్ బ్యాటరీ నాలుగేళ్లకే ఉబ్బింది.

డిస్‌ప్లే, ఆ తర్వాత వేలిముద్ర

కొత్త బ్యాటరీ వేశాక ఫోన్ నిలబడింది. కంపెనీ బ్యాటరీ బయట షాపులకు అమ్మరు. అందుకని భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ మార్కు, బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఐఎస్ 16046 నంబరు ఉన్న కంపాటబుల్, అంటే ఈ ఫోన్‌కు సరిపోయే వేరే తయారీ బ్యాటరీ వేసి, ఆ మాట బిల్లు మీద రాశాం. మిగిలింది పచ్చ గీత.

ఇలాంటి ఫోన్లలో డిస్‌ప్లే ఫ్రేమ్‌తో కలిపి వస్తుంది. డిస్‌ప్లే మార్చడమంటే ఫోన్‌లోంచి డిస్‌ప్లే తీయడం కాదు, డిస్‌ప్లేలోంచి ఫోన్ మొత్తాన్ని తీయడం. బ్యాటరీ, కెమెరాలు, మెయిన్ బోర్డు, సబ్ బోర్డు, స్పీకర్లు, వైబ్రేటర్, యాంటెనా వైర్లు అన్నీ ఊడదీసి కొత్త ఫ్రేమ్‌లోకి కాపురం మార్చాలి. ఎక్కువగా పగిలే భాగాన్ని అన్నిటికంటే లోతున పెట్టారు.

ఏ డిస్‌ప్లే వేయాలన్నది ఇంకో చిక్కు. సర్వీస్ ప్యాక్ అనే కంపెనీ సరుకు మాకు నేరుగా రాదు. చేతులు మారి వచ్చేది 11,500 చెప్పారు. అమోలెడ్ బదులు చవక ఎల్‌సీడీ రకంతో చేసిన టీఎఫ్‌టీ కాపీ 3,200కే వస్తుంది, కానీ మందం ఎక్కువ, రంగులు పాలిపోతాయి, బ్యాటరీ త్వరగా తాగేస్తుంది, దాని కింద వేలిముద్ర సెన్సర్ పనిచేయదు. మూడో దారి పుల్డ్ డిస్‌ప్లే. బోర్డు చచ్చిపోయిన ఫోన్ నుంచి ఊడదీసిన అసలు డిస్‌ప్లే. చెన్నై రిచీ స్ట్రీట్‌లో మాకు తెలిసినవాళ్ల దగ్గర ఆ మోడల్‌ది 6,500కు దొరికింది. ఆ అమ్మాయికి మూడూ చూపించి, తేడాలు చెప్పాను. "అసలుదే వేయండన్నా, పాతదైనా పర్లేదు" అంది. నేనైనా అదే ఎంచుకుంటాను. కంపెనీ తయారుచేసిన సామాను, మంచి కండిషన్‌లో ఉన్నది, చెత్తలోకి పోకుండా ఇంకో ఫోన్‌కు పనికొస్తోంది. రిపేరు హక్కు అంటే నా దృష్టిలో ముందు ఇదే.

వేశాం. బొమ్మ చక్కగా వచ్చింది, టచ్ ఎక్కడా తప్పలేదు, గీత పోయింది. పాత ఫ్రేమ్‌లోని వేలిముద్ర సెన్సర్‌నే తీసి కొత్తదాంట్లో అమర్చాం. సెన్సర్ వేలిని గుర్తుపడుతోంది, కానీ వేలిముద్ర నమోదు సగంలో ఆగిపోతోంది.

కారణం తెలిసిందే. ఈ సెన్సర్ డిస్‌ప్లే వెలుగుతో వేలిని ఫొటో తీస్తుంది. డిస్‌ప్లే మారితే వెలుగు పడే తీరు ఇసుమంత మారుతుంది, అందుకని సెన్సర్‌ను కొత్త డిస్‌ప్లేకు తగ్గట్టు సరిచేసే కాలిబ్రేషన్ చేయాలి. చర్మం రంగు రబ్బరు ముక్కను సెన్సర్ మీద పెట్టి, ఫోన్ లోపలి టెస్ట్ మెనూలో ఓ బటన్ నొక్కితే అయిపోతుంది. చాలా మోడళ్లలో ఆ మెనూ డయల్ ప్యాడ్ కోడ్‌తో తెరుచుకుంటుంది. ఈ మోడల్‌లో మాత్రం కంపెనీ సర్వీస్ సాఫ్ట్‌వేర్‌లో లాగిన్ అయితేనే. ఆ లాగిన్ సర్వీస్ సెంటర్లకే ఇస్తారు.

ఆ అమ్మాయి ఫోన్ తీసుకుని మళ్లీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లింది. కాలిబ్రేషన్ ఒక్కటే చేయమంది, దానికి డబ్బులిస్తానంది. బయట వేసిన డిస్‌ప్లేకి చేయం అన్నారు. డిస్‌ప్లే వాళ్ల కంపెనీదే కదా అంటే, తాము వేసింది కాదు కదా అన్నారు.

కాబట్టి ఈ కేసు ఇలా నిలిచింది: తెరవగలిగాం, అసలు సామాను దొరికింది, సరిగ్గా బిగించాం. పని మాత్రం పూర్తి కాలేదు. అడ్డుపడింది స్క్రూ కాదు, జిగురూ కాదు, ఒక పాస్‌వర్డ్.

ఈ రెండు ఫోన్లకు మార్కులు వేస్తే

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. ఆ డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలైంది. తర్వాత 2024లో మొబైల్, ఎలక్ట్రానిక్స్ రంగానికి రిపేరబిలిటీ ఇండెక్స్, అంటే మార్కుల కొలమానం, తయారుచేయడానికి భరత్ ఖేరా అధ్యక్షతన ఇంకో కమిటీ వేశారు. దాని నివేదిక 2025 మేలో అందింది, సరిగ్గా ఈ ఫోన్లు మా బల్ల మీద ఉన్న నెలలోనే. అందులో ఆరు కొలతలు చెప్పారు: విప్పే లోతు, రిపేరు సమాచారం, విడిభాగాలు సకాలంలో దొరకడం, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, టూల్స్, స్క్రూలూ జిగుర్ల లాంటి బిగింపులు. కంపెనీలే లెక్కగట్టి అయిదుకు ఇంత అని ప్రకటించాలి, షాపులోనూ ఆన్‌లైన్‌లోనూ కొనేవాళ్లకు కనపడాలి అని సిఫారసు.

ఈ ఆరూ యూరప్ కొలతల్లోనూ ఉన్నాయి. అక్కడ 2025 జూన్ 20 నుంచి ఫోన్ పెట్టె మీద A నుంచి E వరకు రిపేరు గ్రేడు వేస్తున్నారు. విప్పే లోతుకు 25 శాతం, మిగతా అయిదిటికి తలా 15.

విప్పే లోతు అన్న కొలతను నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. ఒక భాగం ఊడివచ్చినా, టూల్ మారినా అది ఒక అడుగు. బ్యాటరీ చేరడానికి ఎన్ని అడుగులు, డిస్‌ప్లే చేరడానికి ఎన్ని అని లెక్కపెడతారు. మొదటి ఫోన్‌లో బ్యాటరీ దాకా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రెండోదాంట్లో డిస్‌ప్లే అన్నిటికంటే చివర వస్తుంది, కాబట్టి లెక్క దాన్ని సరిగ్గానే పట్టుకుంటుంది. జిగురు బిగింపులకు కూడా మార్కులు తగ్గుతాయి.

ధర దగ్గర లెక్క తప్పుతుంది. యూరప్‌లో విడిభాగాల ధరలు ప్రకటించాలి, కానీ గ్రేడులో ధరకు మార్కుల్లేవు. మన ఆరు కొలతల్లోనూ ధరకంటూ విడిగా కొలత లేదు. ఫ్రాన్స్ ఈ పని ముందే చేసింది. 2021 జనవరి నుంచి, యూరప్ గ్రేడు వచ్చేదాకా, అక్కడ ఫోన్లకు పదికి మార్కులు వేసేవారు, అయిదు కొలతల్లో ఒకటి విడిభాగం ధర, అంటే వస్తువు ధరలో అది ఎన్నో వంతు అన్నది. అయిదిటికీ సమాన వాటా. మన దేశానికి ఇది ఇంకా ఎక్కువ అవసరం. ఫోన్ సగం ధర పెట్టి డిస్‌ప్లే వేయించుకునేవాళ్లు మా కౌంటర్ దగ్గర దాదాపు లేరు, ఎస్టిమేట్ వినగానే కొత్త ఫోన్ వాయిదాలు అడుగుతారు. విడిభాగం అయిదు రోజుల్లో దొరికినా, ఏడేళ్లు దొరికినా, ఆ ధరకు ఎవరూ కొనకపోతే దొరకనట్టే. డిస్‌ప్లే, బ్యాటరీ, ఛార్జింగ్ పోర్టు ధరలు ఫోన్ విడుదల రోజే ప్రకటించాలి, ఆ మోడల్ అమ్మినన్నాళ్లూ, ఆ తర్వాతా పెంచకూడదు.

ఇక వేసిన సామానును ఫోన్ ఒప్పుకోవడం సంగతి. ఫోన్లకు రిపేరు మార్కులు వేసే ఐఫిక్సిట్ సంస్థ, విప్పే తీరు చూసి 2022లో ఐఫోన్ 14కు పదికి 7 ఇచ్చింది. ముందూ వెనకా తెరుచుకునే మంచి డిజైన్ అని మెచ్చుకుంది. ఏడాది తిరిగాక, 2023 సెప్టెంబరులో దాన్ని 4కు దించింది. ఫోన్‌లో ఒక్క స్క్రూ కూడా మారలేదు. కొత్త సామాను వేస్తే యాపిల్ సాఫ్ట్‌వేర్ అనుమతి లేకుండా పూర్తిగా పనిచేయదన్న సంగతిని లెక్కలోకి తీసుకున్నారు, అంతే. మార్కులు వేసేవాళ్లు తమ పద్ధతినే సవరించుకున్నారు, నాకు ఆ పని నచ్చింది. యాపిల్ కూడా ఆ తర్వాత కొంత దిగివచ్చింది. 2024లో రిపేర్ అసిస్టెంట్ తెచ్చి, కొన్ని మోడళ్లలో అసలు సామానును ఫోన్‌లోనే కాలిబ్రేట్ చేసుకోనిస్తోంది. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రం 2024లోనే చట్టం చేసి, 2025 నుంచి వచ్చే ఫోన్లలో సామానును సాఫ్ట్‌వేర్‌తో కట్టేయడం కుదరదంది. యూరప్ కూడా, సీరియల్ నంబరుతో ఆ ఒక్క ఫోన్‌కే ముడిపెట్టిన సామాను ఉంటే దాన్ని పూర్తిగా పనిచేయించే సాఫ్ట్‌వేర్‌ను వృత్తి రిపేరర్లకు వివక్ష లేకుండా ఇవ్వాలని రాసింది.

మన ఇండెక్స్‌లో కూడా సామాను మార్చాక ఫోన్ అన్ని పనులూ చేస్తుందా అన్నదానికి సొంత కొలత ఉండాలి. పరీక్ష కష్టమేం కాదు. అదే మోడల్ ఫోన్లు రెండు కొని, వాటి డిస్‌ప్లేలు, బ్యాటరీలు, కెమెరాలు ఇటువి అటు, అటువి ఇటు మార్చి ఆన్ చేయాలి. వేలిముద్ర, ఫేస్ అన్‌లాక్, బ్యాటరీ హెల్త్, కెమెరా, ఆటో బ్రైట్‌నెస్ పనిచేస్తున్నాయా, హెచ్చరిక మెసేజ్ ఏమన్నా వస్తోందా రాయాలి. రెండూ కంపెనీ ఫోన్లే, సామాను అంతా అసలుదే. అప్పుడు కూడా మొరాయిస్తే దాన్ని నాణ్యత కోసం, భద్రత కోసం అనడానికి వీల్లేదు. ఈ పరీక్షలో సున్నా వచ్చిన ఫోన్‌కు మిగతా కొలతల్లో ఎన్ని వచ్చినా పై గ్రేడు ఇవ్వకూడదు.

కంపెనీ తనకు తాను మార్కులు వేసుకోవడం కూడా సందేహమే. మొదలుపెట్టడానికి ఫర్వాలేదు. కానీ మొత్తం ఎంతో ఒక్కటే కాదు, ప్రతి కొలతకు ఎంత వేసుకుందో ఆ షీటంతా బయట పెట్టాలి. అప్పుడు మాలాంటి వాళ్లం విప్పి చూసి తప్పుంటే చెప్పగలం.

సాఫ్ట్‌వేర్ గురించి ఒక్క మాట. రెండు ఫోన్లకూ సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. మొదటిది చక్కగా బాగుపడింది, ఇంకో రెండేళ్లు నడుస్తుంది, కానీ బాబాయ్ డబ్బులన్నీ ఆ ఫోన్‌లో ఫోన్‌పే మీదే తిరుగుతాయి. యూరప్ లాగా, మోడల్ అమ్మకం ఆపాక అయిదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలనడం న్యాయమైన కోరిక.

వరదలో మునిగిన ఫోన్లు

పోర్టు, స్క్రూల గొడవ డబ్బు దగ్గరే ఆగుతుందనుకునేవాళ్లకు ఇది చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం మునిగాయి. నీళ్లు తీశాక ఫోన్లు గుట్టలుగా వచ్చాయి. నీళ్లలో తడిసిన బోర్డును చంపేది నీళ్లకంటే ఎక్కువగా, తడిగా ఉన్నప్పుడు అందులో నడిచే కరెంటు. బ్యాటరీ కనెక్షన్ వెంటనే తీసేస్తే తుప్పు నెమ్మదిస్తుంది. మూత ఊడి, బ్యాటరీ చేత్తో తీయగలిగే పాత కీప్యాడ్ ఫోన్లను ఇంట్లోవాళ్లే విప్పి ఆరబెట్టారు, వాటిలో చాలావరకు లేచాయి. జిగురు వేసి మూసిన స్మార్ట్‌ఫోన్లు మా దాకా వచ్చేసరికి కనెక్టర్ల కాళ్లు పచ్చగా తుప్పు పట్టి, ఛార్జింగ్ ఐసీ (చిప్) చుట్టూ తెల్లగా పేరుకుని ఉండేవి. ఆ ఫోన్లలో ఇంటి కాగితాల ఫొటోలు, చనిపోయినవాళ్ల వీడియోలు ఉన్నాయి. బ్యాటరీని తేలిగ్గా విడదీయగలగడం ఆ రోజుల్లో డేటాకూ ప్రాణమే.

మా వైపు నుంచి

కంపెనీలు చెప్పే భద్రత మాటలో నిజం ఉంది. నాసిరకం బ్యాటరీలు వేసే షాపులున్నాయి. కాపీ డిస్‌ప్లే వేసి అసలుదని చెప్పేవాళ్లున్నారు. ఊడదీసిన ఉబ్బు బ్యాటరీని మామూలు చెత్తలో పారేసేవాళ్లూ ఉన్నారు, 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు అది కుదరదంటున్నాయి. మా ఫీల్డు హక్కు అడగాలంటే ఈ పనులు ఆపాలి. సామాను ఏ రకమో, కంపెనీదా, పుల్డా, కంపాటబులా, కాపీయా, బిల్లు మీద రాసి సంతకం పెట్టాలి. పాత సామాను కస్టమర్‌కు చూపించాలి. మా షాపులో ఇది నియమం. కానీ కంపెనీ మంచి సామాను మాకు అమ్మకుండా, చెడ్డ సామాను వాడుతున్నారని మమ్మల్నే తప్పుపట్టడం సరికాదు. తలుపు తెరిస్తే కాపీ సరుకు దానంతటదే తగ్గుతుంది.

ఇప్పుడు ఎక్కడ ఉంది

ఆ అమ్మాయి నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టింది. కంపెనీ జవాబు పాతదే, తమ దగ్గర డిస్‌ప్లే కొంటేనే కాలిబ్రేషన్ చేస్తామని. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లాలని వాళ్ల నాన్న పట్టుబడుతున్నారు. దానికోసం సర్వీస్ రిపోర్టు అడిగితే షాపు లెటర్‌హెడ్ మీద రాసిచ్చాను. అందులో ఉన్నవి: ఉబ్బిన బ్యాటరీ ఫొటోలు, వేసిన డిస్‌ప్లే మీది కంపెనీ పార్ట్ నంబరు, వేలిముద్ర సెన్సర్ హార్డ్‌వేర్ టెస్ట్ పాసైన స్క్రీన్‌షాట్, కాలిబ్రేషన్ మెనూ దగ్గర లాగిన్ అడుగుతూ ఆగిపోయిన స్క్రీన్‌షాట్, కాలిబ్రేషన్‌కు విడిగా డబ్బు ఇస్తానన్నా నిరాకరించినట్టు ఆమె రాసుకున్న తేదీ. ఫోన్ మిగతా అన్ని పనులకూ బాగానే నడుస్తోంది, పిన్ కొట్టి తెరుచుకుంటోంది.